కండోమ్ 98 శాతమా 87 శాతమా, చిరిగితే ఏం చేయాలి, ఇంకేం వాడొచ్చు

మీరు అడిగింది ఇదీ: పెళ్లయి ఆరు నెలలు, మీ ఆవిడ పీజీ అయ్యేదాకా రెండేళ్లు పిల్లలు వద్దనుకున్నారు, కండోమ్ వాడుతున్నారు, మొన్న ఒకటి చిరిగింది, ఒకచోట 98% సేఫ్ అని ఇంకోచోట 87% అని చదివి కంగారు పడ్డారు, మన దగ్గర అమ్మేవాటిని అసలు ఎవరైనా టెస్ట్ చేస్తారా, కండోమ్ కాక వేరే దారులేంటి, మీ బావగారేమో "సేఫ్ డేస్ చూసుకుంటే చాలు" అన్నారు, అది నిజమేనా. అన్నీ చెప్తా. కానీ మీరు మధ్యలో అలా రాసేసి వదిలేసిన ఒక ముక్క ఉంది, "డ్రైగా ఉంటోందని కొంచెం కొబ్బరి నూనె రాసుకున్నాం" అని. తమ్ముడూ, చిరగడానికి కారణం దాదాపు అదే అయ్యుంటుంది.

నా సంగతి ఒక్క ముక్క. బీఫార్మసీ అయ్యాక తమిళనాడులో కండోమ్‌లు చేసే ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేశా, ఇప్పుడు తెనాలి వైపు సొంత మెడికల్ షాపు. డాక్టర్ని కాదు, కాబట్టి మందుల విషయంలో చివరి మాట మీ గైనకాలజిస్టుదే.

అన్నిటికంటే ముందు, చిరిగి ఇంకా మూడు రోజులు దాటకపోతే ఇది తర్వాత చదువుకోవచ్చు, ముందు షాపుకి వెళ్లండి. లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల బిళ్ల ఒకటి, ఐ-పిల్ అనో అన్‌వాంటెడ్ 72 అనో అడిగితే ఇస్తారు, చీటీ అక్కర్లేదు. 72 గంటల్లోపు అని ప్యాకెట్ మీద రాసుంటుంది కాబట్టి మూడో రోజు దాకా ఆగొచ్చు అనుకుంటారు చాలామంది, అలా కాదు, ఎంత తొందరగా వేస్తే అంత బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అది చేసే పని అండం విడుదల కాకుండా వెనక్కి నెట్టడం, ఆల్రెడీ విడుదలైపోయాక అది చేయగలిగింది పెద్దగా ఉండదు. మింగిన రెండు గంటల్లో వాంతి అయితే మళ్లీ ఒకటి వేసుకోవాలి. టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్నా, కొన్ని రకాల ఫిట్స్ మందులు వాడుతున్నా ఈ బిళ్ల సరిగ్గా పనిచేయదు, అది షాపులో అడిగేవాడు ఉండడు, మీరే చెప్పాలి. మూడు రోజులు దాటి అయిదు రోజుల్లోపు ఉంటే గైనకాలజిస్టు దగ్గర కాపర్ టీ వేయించుకోవచ్చు, నిజానికి ఎమర్జెన్సీలో అన్నిటికంటే గట్టిగా పనిచేసేది అదే, కానీ మన దగ్గర ఎవరూ చెప్పరు. అయిదు రోజులు కూడా దాటిపోతే పీరియడ్ కోసం చూడటమే, వారం లేటైతే ఇంట్లోనే యూరిన్ కిట్‌తో టెస్ట్. నీళ్లతో లోపల కడిగేసుకోవడం, పసుపు, బొప్పాయి, నువ్వులు, ఇవేవీ పనిచేయవు.

ఇప్పుడు నూనె సంగతి. కండోమ్ చాలావరకు లాటెక్స్, అంటే రబ్బరు పాలు. రబ్బరుకి నూనె పడదు. మినరల్ ఆయిల్‌తో ల్యాబులో చూస్తే ఒక్క నిమిషం తగిలినా పగలకుండా తట్టుకునే శక్తి దాదాపు 90% పడిపోయింది, చూడటానికి మాత్రం ఏం తేడా కనపడదు, అదే ప్రమాదం. కొబ్బరి నూనె, వాజలిన్, బేబీ ఆయిల్, బాడీ లోషన్, నెయ్యి, ఏదైనా అంతే. ఇంకోటి ఎవరికీ తెలియనిది, ఆడవాళ్లకి తెల్లబట్ట, దురద ఉంటే డాక్టర్లు లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ బిళ్లలు, క్రీములు రాస్తారు కదా, వాటిలో చాలావాటికి ఆయిల్ బేస్ ఉంటుంది, ఆ కోర్సు జరుగుతున్నప్పుడు, అయ్యాక కొన్ని రోజులు కండోమ్ మీద నమ్మకం పెట్టుకోకూడదు. షాపులో ఆ క్రీము, కండోమ్ ప్యాకెట్టు ఒకే బిల్లులో కొనుక్కెళ్లేవాళ్లు ఉంటారు, నేను చెప్తే ఆశ్చర్యపోతారు. డ్రైగా ఉంటే వాటర్ బేస్డ్ లూబ్రికెంట్ జెల్ దొరుకుతుంది, సిలికాన్ది కూడా పర్లేదు, అది కొనండి. ఇంకా ఒక మాట, డ్రైగా ఉండటానికి కంగారు ఒక కారణం కావచ్చు, తొందర ఒక కారణం కావచ్చు, జెల్ కొనే ముందు అది కూడా ఇద్దరూ మాట్లాడుకోండి.

98, 87 గొడవకి వస్తా. రెండూ నిజమే. వంద జంటలు ఏడాది పొడుగునా, ప్రతిసారీ, మొదటి నుంచి చివరి దాకా, కరెక్ట్‌గా వాడితే ఆ ఏడాదిలో ఇద్దరికి గర్భం వస్తుంది, అదీ 98. అదే వంద జంటలు మామూలు మనుషుల్లాగా వాడితే 13 మందికి వస్తుంది, అదీ 87. పాత పుస్తకాల్లో 82 అని ఉండేది, తర్వాత లెక్కలు మారాయి. చాలామంది దీన్ని "వందసార్లు వాడితే 13 సార్లు ఫెయిల్" అని చదువుకుంటారు, అది కాదు, వంద జంటలకి ఒక ఏడాది లెక్క ఇది. ఏమీ వాడకపోతే ఎంత అంటే అదే వందలో 85 మందికి ఏడాదిలో గర్భం వస్తుంది, ఆ 85తో పోల్చి చూడాలి 13ని.

మరి 2కీ 13కీ మధ్య ఆ 11 మంది ఎక్కణ్ణించి వచ్చారు అంటే, ఎక్కువమంది కండోమ్ చిరిగిన వాళ్లు కాదు, ఆ రోజు వాడనివాళ్లు. సర్వేలో "మీరేం వాడతారు" అంటే "కండోమ్" అంటారు, కానీ ఆదివారం రాత్రి ప్యాకెట్ అయిపోయింది, ఈ ఒక్కసారికి ఏం కాదులే అనుకున్నారు, ఆ గర్భం కూడా కండోమ్ ఖాతాలోనే పడుతుంది. ఇంకొంతమంది మొదట్లో వాడకుండా చివర్లో తొడుక్కునేవాళ్లు, ఇంకొంతమంది పని అయ్యాక అలాగే ఉండిపోతే వదులై లోపల జారిపోయిన వాళ్లు. నా ఉద్దేశం అడిగితే రబ్బరు తప్పు చాలా తక్కువ, చేతుల తప్పు ఎక్కువ. ఫ్యాక్టరీలో చూసినవాడిగా చెప్తున్నా ఆ మాట.

అక్కడ ఏం జరుగుతుందో చెప్తే మీకు "టెస్ట్ చేస్తారా" అన్న డౌట్ పోతుంది. మొదటిది కరెంట్ టెస్ట్, ఇది శాంపిల్‌కి కాదు, తయారైన ప్రతి పీసుకీ. స్టీలు అచ్చు మీద తొడుగుతారు, మెషీన్ తిరుగుతూ ఉంటుంది, రబ్బరు కరెంటుని ఆపాలి, ఎక్కడైనా సూదిమొన అంత బెజ్జం ఉంటే కరెంటు దాటుతుంది, ఆ పీసు పక్కకి పడిపోతుంది. ఆ తర్వాత బ్యాచ్ నుంచి శాంపిల్ తీస్తారు. నా డ్యూటీ ఎక్కువగా వాటర్ టెస్ట్ దగ్గర. ఒక్కోదాన్లో 300 మిల్లీలీటర్ల నీళ్లు పోసి వేలాడదీస్తాం, కింద చుక్క కనపడుతుందా అని చూస్తాం, కనపడకపోతే మూతి ముడేసి, నీళ్లు పీల్చుకునే కాగితం మీద అటూ ఇటూ దొర్లిస్తాం, కంటికి కనపడని తడి కూడా కాగితం మీద మచ్చగా తేలుతుంది. నైట్ షిఫ్ట్‌లో వరసగా వేలాడుతున్న వాటిని చూస్తుంటే మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత ఏ ఫీలింగూ ఉండదు, మచ్చ ఒక్కటే కనపడుతుంది. కండోమ్‌లకి ఉన్న అంతర్జాతీయ స్టాండర్డ్ ఐఎస్ఓ 4074 లెక్కలో 315 పీసుల శాంపిల్ తీస్తే రెండింటి దాకా ఓకే, మూడోది లీకైతే బ్యాచ్ మొత్తం, అంటే వేలకి వేలు, రిజెక్ట్. పక్క గదిలో గాలి టెస్ట్, మామూలు సైజు కండోమ్ కనీసం 18 లీటర్ల గాలి తట్టుకోవాలి, ఇంట్లో పెట్టుకునే 20 లీటర్ల వాటర్ క్యాన్ ఎంతుంటుందో దాదాపు అంత ఉబ్బాక గానీ పగలకూడదు. వీటితో పాటు 70 డిగ్రీల ఓవెన్‌లో వారం రోజులు ఉంచి మళ్లీ గాలి టెస్ట్ చేసేది ఒకటి. అల్ట్రా థిన్ కి, మామూలు దానికి, చుక్కలున్న దానికి, ఫ్లేవర్ దానికి అన్నిటికీ ఇవే టెస్టులు, పల్చగా ఉంది కాబట్టి తొందరగా చిరుగుతుంది అన్నది అపోహ. డాటెడ్ ఎక్కువ సేఫ్ అన్నది కూడా అపోహే, అది ఫీల్ కోసం.

రూల్స్ విషయం త్వరగా చెప్పేస్తా. మన దేశంలో కండోమ్ అనేది ఏదో ఫ్యాన్సీ ఐటమ్ కాదు, 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కిందకి వస్తుంది, దాని రూల్స్‌లో షెడ్యూల్ ఆర్ అని ప్రత్యేకంగా కండోమ్ లాంటి వాటి స్టాండర్డ్స్ కోసమే ఉంది. 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ వచ్చాక దీన్ని క్లాస్ సిలో పెట్టారు, ఎ నుంచి డి దాకా రిస్క్ పెరిగే కొద్దీ గ్రేడ్లు, సి అంటే కాస్త సీరియస్ కేటగిరీయే, లైసెన్స్ రాష్ట్రం చేతిలో కాదు, సెంట్రల్ వాళ్లే ఇవ్వాలి. కాబట్టి ప్యాకెట్ మీద చూడాల్సింది హీరోయిన్ బొమ్మ కాదు, తయారీ లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ తేదీ. ఈ మూడూ ఉన్నాయి, సీల్ బాగుంది, తెలిసిన షాపు అంటే చిన్న కంపెనీది అయినా వాడొచ్చు. కొనడానికి చీటీ అక్కర్లేదు, పెళ్లయిందా అని అడిగే హక్కు కౌంటర్లో ఎవరికీ లేదు. జీఎస్టీ సున్నా. ధర మీద 2013లో ప్రభుత్వం సీలింగ్ పెడితే కంపెనీలు కోర్టుకెళ్లాయి, 2015లో ఢిల్లీ హైకోర్టు ఆ సీలింగ్ కొట్టేసింది, అందుకే మూడొందల ప్యాకెట్లు కూడా కనపడతాయి. 2017 డిసెంబర్‌లో టీవీ యాడ్స్ రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకానే వేయాలి అని కేంద్రం అడ్వైజరీ ఇచ్చింది. యాడ్‌లో ఎలా తొడుక్కోవాలో చూపిస్తే తప్పేంటో నాకు ఇప్పటికీ అర్థం కాదు, స్ట్రాబెర్రీ ఫ్లేవర్ అని చెప్పడానికి ఉన్న స్వేచ్ఛ "చివర గిల్లి పట్టుకోండి" అని చెప్పడానికి లేదు.

ఫ్రీగా ఇచ్చే నిరోధ్ మీద కూడా చిన్నచూపు ఉంది మనవాళ్లకి. 1968లో నిరోధ్ పేరుతో మొదలైనప్పుడు 15 పైసలకి మూడు అమ్మేవాళ్లు, టీ పొడి, సబ్బులు అమ్మే కంపెనీల లారీల్లోనే ఊళ్లకి వెళ్లేవి. హిందుస్థాన్ లాటెక్స్ అనే ప్రభుత్వ కంపెనీ 1966లో పెట్టారు, తిరువనంతపురం దగ్గర పేరూర్కడలో జపాన్ ఒకామోటో కంపెనీ టెక్నాలజీతో 1969లో తయారీ మొదలైంది, మూడ్స్ బ్రాండ్ కూడా వాళ్లదే. పీహెచ్‌సీలోనో ఆశా వర్కర్ దగ్గరో ఫ్రీగా ఇచ్చేదానికి కూడా షెడ్యూల్ ఆర్ టెస్టులు తప్పవు. వాసన ఎక్కువ, జెల్ తక్కువ, ప్యాకింగ్ బాగోదు, ఒప్పుకుంటా. ఆపే పని మాత్రం అదీ చేస్తుంది.

ఫ్యాక్టరీ గేటు దాటాక పాడయ్యేది ఎక్కువ. పర్సులో నెలల తరబడి పెట్టుకుంటారు, కూర్చున్నప్పుడల్లా ఒరుసుకుని రేకు మడతల్లో చీలికలు వస్తాయి, లోపల జెల్ ఆరిపోతుంది. బండి డిక్కీ, కారు డ్యాష్‌బోర్డు, మన మే నెల ఎండలో ఇంక చెప్పేదేముంది. బీరువాలో బట్టల మధ్య పెట్టుకోండి చాలు. చింపే ముందు ప్యాకెట్‌ని వేలితో నొక్కి చూడండి, లోపల గాలి బుడగలాగా అటూ ఇటూ కదలాలి, కదలకపోతే ఎక్కడో సీల్ పోయినట్టే, పారేయండి. పంటితో చింపొద్దు, కత్తెర అసలే వద్దు. అంగం గట్టిపడ్డాక, లోపలికి వెళ్లకముందే తొడగాలి, మధ్యలో కాదు. చివర తిత్తిని రెండు వేళ్లతో గిల్లి గాలి తీసేసి అడుగుదాకా విప్పాలి, గాలి ఉండిపోతే పగిలే ఛాన్స్ ఎక్కువ. విప్పుతుంటే రావట్లేదంటే తిరగేసి పెట్టారన్నమాట, తిప్పి మళ్లీ పెట్టొద్దు, ముందు వచ్చే తడిలో కూడా వీర్యకణాలు ఉండొచ్చు, కొత్తది తీయండి. అయ్యాక మెత్తబడకముందే అడుగున వేళ్లతో పట్టుకుని బయటికి రండి. ముడేసి కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయండి, ఫ్లష్ చేస్తే ప్లంబర్ ముందు తలెత్తుకోలేరు. రెండు ఒకదాని మీద ఒకటి వేస్తే డబుల్ సేఫ్ అనుకుంటారు, ఒరుసుకుని చిరిగే ఛాన్స్ పెరుగుతుంది.

సైజు గురించి ఎవరూ నోరు విప్పరు. పొడవు ముఖ్యం కాదు, వెడల్పు. ప్యాకెట్ వెనక నామినల్ విడ్త్ అని 49, 52, 53, 56 మిల్లీమీటర్లు ఇలా రాసుంటుంది. జారిపోతుంటే తక్కువ నంబర్, బిగుసుకుపోయి గుర్తులు పడుతుంటే ఎక్కువ నంబర్. లేట్ అవ్వడం కోసం అమ్మేవాటిలో బెంజోకైన్ అనే మొద్దుబార్చే మందు లోపల వైపు పూసి ఉంటుంది, తిరగేసి వేస్తే మొద్దుబారేది మీ ఆవిడకి. కొంతమందికి మంట, అలర్జీ కూడా. లాటెక్సే పడక దద్దుర్లు వస్తుంటే నాన్ లాటెక్స్ అని అడగండి, పాలీఐసోప్రీన్వి ఇక్కడ ఆన్‌లైన్లో దొరుకుతాయి, వాటికి కూడా నూనె వద్దు. వీర్యకణాలని చంపే నోనాక్సినాల్-9 పూసినవి ఎక్కువ సేఫ్ అని కొనొద్దు, తరచూ వాడితే లోపలి పొర దెబ్బతిని హెచ్ఐవీ రిస్క్ పెరుగుతుందని తేలింది.

ఇప్పటిదాకా గర్భం గురించే మాట్లాడా, రెండో సగం రోగాలు. 2000ల మొదట్లో ఊరూరా "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా" అని హోర్డింగులు చూసిన తరం మాది, ఆ భయం మాకు ఉండేది. ఇప్పుడు షాపుకొచ్చే కుర్రాళ్లకి భయం అంతా నెల తప్పడం గురించే, ఐ-పిల్ కొంటారు, కండోమ్ కొనరు. ఐ-పిల్ ఏ రోగాన్నీ ఆపదు. కాపర్ టీ ఆపదు. ఆపరేషన్ ఆపదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏపీ లెక్క చూడండి, 2019-21లో 15 నుంచి 49 ఏళ్ల పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70% మంది ట్యూబెక్టమీ, అంటే పిల్లలు పుట్టకుండా ఆడవాళ్లకి చేసే ఆపరేషన్, చేయించుకున్నవాళ్లే, కండోమ్ వాడకం నూటికి ఒకటి కూడా లేదు, దేశం మొత్తం మీద అది 9.5%. అంటే మన దగ్గర పిల్లలు పుట్టకుండా ఉండే బరువు మొత్తం ఆడవాళ్ల పొట్ట మీద కోత పెట్టి మోయించి, రోగాల సంగతి దేవుడికి వదిలేశాం. కండోమ్ ఒక్కటే ఆ రెండు పనులూ చేసేది.

ఎంతవరకు చేస్తుంది అంటే, ప్రతిసారీ వాడే జంటల్లో హెచ్ఐవీ అంటుకోవడం దాదాపు 80% తగ్గుతుంది. గనేరియా, క్లమీడియా లాంటి స్రావాల ద్వారా వచ్చేవాటికి బాగా అడ్డు. హెర్పిస్, సిఫిలిస్, హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్) ఇవి చర్మం తగిలితే కూడా వస్తాయి, కండోమ్ కప్పని చోట పుండు ఉంటే ఆపలేదు, తగ్గిస్తుంది అంతే. హెచ్‌పీవీకి, హెపటైటిస్ బికి టీకాలున్నాయి, సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ల సెర్వావాక్ వచ్చాక హెచ్‌పీవీ టీకా రేటు తగ్గింది కూడా, మీ ఆవిడకి వేయించడం గురించి గైనకాలజిస్టుని అడగండి. గొర్రె పేగుతో చేసిన నేచురల్ కండోమ్ అని విదేశాల్లో అమ్ముతారు, దానికి వీర్యకణం ఆగుతుంది, వైరస్ ఆగదు. ఓరల్‌కి ఫ్లేవర్డ్వి, ఏనల్‌కి ఏదైనా గట్టిగా జెల్ వేసుకుని వాడాలి, అమెరికా ఎఫ్‌డీఏ 2022లో మొదటిసారి ఒక బ్రాండ్‌కి ఏనల్ సెక్స్ కోసం అని ప్రత్యేకంగా పర్మిషన్ ఇచ్చింది, ఆ స్టడీలో ఫెయిల్ అయింది ఒక్క శాతం కూడా లేదు.

ఇది మీకు కాదు గానీ చదివే వేరేవాళ్ల కోసం. తెలియని పార్ట్‌నర్‌తో కండోమ్ చిరిగినా, వాడకపోయినా, 72 గంటల్లోపు ప్రభుత్వాసుపత్రిలో ఏఆర్‌టీ సెంటర్‌కో (హెచ్ఐవీ మందులిచ్చే చోటు) క్యాజువాలిటీకో వెళ్లి పెప్ కావాలని అడగండి, 28 రోజులు మందులు, హెచ్ఐవీ రాకుండా ఆపడానికి, గంటలు గడిచే కొద్దీ దాని బలం తగ్గుతుంది. తరచూ రిస్క్ ఉన్నవాళ్లకి ముందే వేసుకునే ప్రెప్ బిళ్లలు ఉన్నాయి, డాక్టర్ టెస్ట్ చేసి రాయాలి. ఇప్పుడు కొత్తగా ఆరు నెలలకి ఒక ఇంజెక్షన్ వచ్చింది, లెనాకపవిర్, ఆఫ్రికాలో చేసిన ట్రయల్లో ఆ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మంది ఆడవాళ్లలో ఒక్కరికి కూడా హెచ్ఐవీ రాలేదు, దాని జెనరిక్, అంటే అదే మందు తక్కువ ధరలో, చేయడానికి లైసెన్స్ ఉన్నవాళ్లలో మన హైదరాబాద్ కంపెనీలు రెండున్నాయి, డాక్టర్ రెడ్డీస్, హెటెరో. హెచ్ఐవీ టెస్టులు ప్రభుత్వ ఐసీటీసీ సెంటర్లలో ఫ్రీ, పేరు బయటికి చెప్పకూడదు అని 2017 హెచ్ఐవీ చట్టమే చెప్తుంది. ఫోన్‌లో అడగాలంటే 1097, టోల్ ఫ్రీ.

కండోమ్ కాక వేరే దారులు. మీ బావగారి సేఫ్ డేస్ నుంచి మొదలెడదాం. వీర్యకణం లోపల అయిదు రోజుల దాకా బతకగలదు, అండం ఎప్పుడు విడుదలవుతుందో పీరియడ్ టైముకి వచ్చేవాళ్లకే ఒక్కోనెల అటూ ఇటూ అవుతుంది, పరీక్షల టెన్షన్, జ్వరం, ప్రయాణం, ఏదైనా చాలు. మెలకువగా చార్టు రాసుకుని చేసేవాళ్లకి బాగానే పనిచేస్తుంది, క్యాలెండర్ చూసి అంచనా వేసేవాళ్లకి కాదు. "బయట వదిలేయడం" కూడా అంతే, మామూలు వాడకంలో వందలో 20 మందికి ఏడాదిలో గర్భం. బావగారికి రెండో పాప ఎలా వచ్చిందో ఒకసారి మర్యాదగా అడగండి.

రోజూ వేసుకునే బిళ్లలు, ప్రభుత్వం ఫ్రీగా ఇచ్చేది మాలా-ఎన్, మామూలు వాడకంలో వందకి 7 మంది. బీపీ, రక్తం గడ్డకట్టిన హిస్టరీ, కళ్ల ముందు మెరుపులు కనపడే మైగ్రేన్ ఉంటే వద్దు, డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టొద్దు. ఛాయ అని హార్మోన్ లేనిది ఉంది, సహేలీ అని పాత పేరు, లక్నోలోని ప్రభుత్వ మందుల పరిశోధన సంస్థ సీడీఆర్ఐ వాళ్లు కనిపెట్టింది, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి, పాలిచ్చే తల్లులు కూడా వాడొచ్చు, పీసీఓడీ ఉంటే మాత్రం పనికిరాదు. అంతరా ఇంజెక్షన్ మూడు నెలలకోసారి, వందకి 4, ప్రభుత్వాసుపత్రిలో ఫ్రీ, కానీ ఆపేశాక మళ్లీ గర్భం రావడానికి చాలా నెలలు పడుతుంది. కాపర్ టీ వందకి ఒకరు కూడా కాదు, 0.8, అయిదేళ్లది పదేళ్లది ఉంటాయి, తీసేస్తే వెంటనే మామూలే. "ఒక బిడ్డ పుట్టాకే వేయాలి" అని మనవాళ్లలో గట్టిగా పాతుకుపోయింది, అలాంటి రూలేమీ లేదు, అయితే మొదటి కొన్ని నెలలు బ్లీడింగ్, నొప్పి కొంచెం ఎక్కువ ఉంటాయి. ఆడవాళ్ల కండోమ్ కూడా ఉంది, మెత్తటి నైట్రైల్ సంచి, ముందే పెట్టుకోవచ్చు, మొగుడి దయ మీద ఆధారపడక్కర్లేదు, నైట్రైల్ కాబట్టి నూనె తగిలినా ఏం కాదు, కానీ మామూలు వాడకంలో వందకి 21, షాపుల్లో దొరకదు, ఆన్‌లైన్లోనే. పిల్లలు ఇక చాలు అనుకున్నవాళ్లకి మగవాళ్ల వేసెక్టమీ, కత్తి కుట్టు లేకుండా చేసేది, ట్యూబెక్టమీ కంటే చాలా చిన్న పని, అయినా మూడు నెలల తర్వాత వీర్యం టెస్ట్ చేసి క్లియర్ అనేదాకా కండోమ్ వాడాలి, ఇది చెప్పకుండా పంపేసి తర్వాత ఇంట్లో పెళ్లాన్ని అనుమానించిన కేసులున్నాయి. అమెరికాలో ఉన్న మన స్టూడెంట్స్‌కి ఒక మాట, అక్కడ ఓపిల్ అనే రోజువారీ బిళ్ల 2023 నుంచి చీటీ లేకుండా అమ్మడానికి పర్మిషన్ ఉంది, కండోమ్‌లు చాలా క్యాంపస్ హెల్త్ సెంటర్లలో ఊరికే ఇస్తారు.

అన్నీ చేసినా గర్భం వస్తే? 2021లో మార్చిన ఎంటీపీ చట్టంలో, అంటే అబార్షన్ చట్టంలో, గర్భనిరోధక సాధనం ఫెయిలవడం 20 వారాల దాకా అబార్షన్‌కి ఒప్పుకునే కారణం, "భర్త" అనే మాట తీసేసి "పార్ట్‌నర్" అని పెట్టారు, కాబట్టి పెళ్లికాని వాళ్లకి కూడా వర్తిస్తుంది. షాపులో అబార్షన్ బిళ్లల కిట్ కొని సొంతంగా మింగొద్దు, గర్భం ట్యూబులో ఉంటే ప్రాణం మీదకొస్తుంది, స్కాన్ చేయించుకుని గైనకాలజిస్టు చెప్తేనే.

మీ ఇద్దరి విషయానికి వస్తే, రెండేళ్లే కావాలి, తర్వాత పిల్లలు కావాలి. అంతరా ఇంజెక్షన్ ఆ లెక్కకి సరిపడదు. కండోమ్ ప్రతిసారీ, జెల్‌తో, నూనె లేకుండా వాడగలరు అంటే అది చాలు, ఇంట్లో ఒక ఎమర్జెన్సీ బిళ్ల ముందే కొనిపెట్టుకోండి, రాత్రి పదింటికి చిరిగితే షాపు వెతుక్కోనక్కర్లేదు. కానీ ఆ బిళ్ల నెలకి రెండుసార్లు వేసే పరిస్థితి వస్తే కండోమ్ మీకు కుదరట్లేదని అర్థం, అప్పుడు మీ ఆవిడని తీసుకుని గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లి కాపర్ టీ గురించి అడగండి, ఆవిడ ఒప్పుకుంటేనే, మీరొక్కరే డిసైడ్ చేసి కాదు. షాపులో అడగడానికి సిగ్గు అన్నారు కదా, మాకేం సిగ్గు లేదు, రోజూ అమ్మేదే. కౌంటర్ దగ్గర నిలబడి జనం వెళ్లేదాకా క్రోసిన్ స్ట్రిప్పులు కొంటూ ఉండకండి, ఫోన్‌లో "కండోమ్ 52 ఎంఎం, వాటర్ బేస్డ్ జెల్" అని టైప్ చేసి స్క్రీన్ చూపించండి, కవర్లో పెట్టి ఇస్తాం.